తప్పు చెప్పాలా వద్దా, చెప్తే ఎలా, మనకి చెప్తే ఎలా తీసుకోవాలి: విశ్వాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

ముందే చెప్పేస్తున్నా, నేను పాస్టరమ్మని కాదు, బైబిల్ కాలేజీ గడప తొక్కలేదు. సండే స్కూల్ పిల్లలకి పాఠాలు చెప్తా, మంగళవారం స్త్రీల కూడికలో కూర్చుంటా, అంతే. కానీ కూడిక అయ్యాక చెప్పులు వేసుకునే దగ్గర "అక్కా ఒక్క మాట" అని ఆపి అడిగేవాళ్ళు ఉంటారు చూడండి, వాళ్ళు అడిగేదాంట్లో సగం ఇదే విషయం. ఫలానా వాళ్ళు తప్పు చేస్తున్నారు చెప్పాలా, చెప్తే ఏమనుకుంటారో, లేదంటే నాకు ఇలా చెప్పారు నాకు మనసు విరిగిపోయింది మందిరం మారిపోదామనుకుంటున్నా అని. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా.

"తీర్పు తీర్చకుడి" అని యేసు ప్రభువే చెప్పారు కదా, మరి ఒకళ్ళ తప్పు ఎత్తి చూపించడానికి మనం ఎవరం?

ఆ మాట మత్తయి 7:1. అందరికీ కంఠతా వచ్చిన వాక్యం, మందిరానికి రానివాళ్ళకి కూడా వచ్చు. కానీ అక్కడ ఆగిపోకుండా ఇంకో నాలుగు వచనాలు చదవండి. నీ కంట్లో దూలం ముందు తీసుకో, అప్పుడు నీ సహోదరుడి కంట్లో నలుసు తీయడానికి నీకు తేటగా కనపడుతుంది అన్నారు ప్రభువు. అంటే నలుసు తీయొద్దు అనలేదు, చివరికి తీయాలనే ఉంది, వరస మార్చొద్దు అన్నారు అంతే. మన పెద్దోళ్ళు గురివింద గింజ తన కింద నలుపు ఎరగదు అంటారే, అదే సంగతి.

ఇంకోటి, కంట్లో నలుసు తీయించుకున్నారా ఎప్పుడైనా? చిన్నప్పుడు వరి నూర్పిళ్ళప్పుడు నా కంట్లో పొట్టు పడితే మా నాయనమ్మ నా తల ఒళ్ళో పెట్టుకుని, రెప్ప పైకెత్తి, మెత్తటి చీర కొంగు కొసతో తీసేది. దూరంగా నిలబడి అరిస్తే నలుసు రాదు. పైగా తీసేవాళ్ళ చెయ్యి వణకకూడదు, కోపంలో అసలే తీయకూడదు. ప్రభువు ఊరికే కన్ను అనలేదు అని నాకనిపిస్తుంది, ఒంట్లో అంతకంటే సున్నితమైన చోటు ఏముంది చెప్పండి.

మౌనంగా ప్రార్థన చేసుకుంటే సరిపోదా?

కొన్నిటికి సరిపోతుంది. అన్నిటికీ కాదు. లేవీయకాండం 19:17 చదవండి, నీ హృదయంలో నీ సహోదరుడి మీద పగ పెట్టుకోకు అనేది, నీ పొరుగువాడిని తప్పక గద్దించాలి అనేది ఒకే వచనంలో పక్కపక్కనే ఉన్నాయి. దాని తర్వాత వచనమే "నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపవలెను". అంటే చెప్పకుండా దాచుకుంటే అది లోపల పగగా మారుద్ది అని మోషే కాలానికే తెలుసు. మనమేమో "నేనేం అనలేదమ్మా, ప్రభువుకే అప్పగించేశా" అంటూ ఆ మనిషి ఎదురొస్తే పక్క వరసలోకి వెళ్ళి కూర్చుంటాం. అప్పగించడం అంటే అది కాదండీ.

మరి ప్రతి చిన్నదానికీ చెప్పాలా?

వద్దు. చాలావాటికి వద్దు.

ఇక్కడ నా మనసులో మాట కొంచెం ఘాటుగానే చెప్తా, ఏమనుకోకండి. మన సంఘాల్లో మనం సరిచేసేవి చాలావరకు కంటికి కనపడేవి. ఆ పిల్ల చున్నీ వేసుకోలేదు, ఆవిడ గాజులు ఎక్కువ వేసుకుంది, పూలు పెట్టుకుంది, ఆ అబ్బాయి జుట్టు అలా కట్ చేయించాడు, ఇవి చెప్పడానికి ముగ్గురు నలుగురు రెడీగా ఉంటారు. అదే సంఘంలో కొడుకు పెళ్ళికి లక్షలు కట్నం తీసుకున్న ఆయన ముందు వరసలో కూర్చుని ప్రార్థన చేయిస్తాడు, ఆయనకి చెప్పేవాళ్ళు ఉండరు. కట్నం 1961 నుంచి చట్టప్రకారం కూడా నేరమే. అప్పు తీసుకుని ఎగ్గొట్టినాయన, భార్య మీద చెయ్యి చేసుకునేవాడు, సంబంధాల దగ్గరికి వచ్చేసరికి మెల్లగా "మనవాళ్ళేనా" అని కులం అడిగేవాళ్ళు, వీళ్ళ దగ్గర మాత్రం మనకి ప్రేమ, సహనం, దీర్ఘశాంతం అన్నీ గుర్తొస్తాయి.

యాజకుడు ఏలీ కథ చూడండి. గుడిలో పిల్లలు లేని హన్నా పెదాలు కదిలించుకుంటూ ఏడుస్తూ ప్రార్థన చేసుకుంటుంటే తాగి వచ్చింది అనుకుని వెంటనే తగులుకున్నాడు. సొంత కొడుకులు అర్పణల మాంసం లాక్కుంటుంటే, గుడారం దగ్గర సేవ చేసే ఆడవాళ్ళతో తప్పు చేస్తుంటే ముసలితనం వచ్చేదాకా గట్టిగా ఆపలేదు, అన్నాడు గానీ అడ్డుకోలేదు. బలహీనుల దగ్గర చురుకు, బలమున్నోళ్ళ దగ్గర మెతక. మనం అదే రోగం మోస్తున్నాం.

కాబట్టి నేను పెట్టుకున్న లెక్క ఇది: దీనివల్ల ఆ మనిషికి గానీ పక్కవాళ్ళకి గానీ నిజంగా హాని జరుగుతుందా, లేక నాకు నచ్చలేదు అంతేనా? నచ్చకపోవడమే అయితే నోరు మూసుకుంటా. చాలాసార్లు ఈ రెండో రకమే తేలుద్ది.

సరే, చెప్పాల్సిందే అనిపించింది. మొదట ఎవరితో మాట్లాడాలి?

ఆ మనిషితో. ఇంకెవరితోనూ కాదు.

మత్తయి 18:15 లో "నీవును అతడును ఒంటరిగానున్నప్పుడు" అని ఉంది. వినకపోతే ఒకళ్ళిద్దరిని తీసుకెళ్ళు, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు. మనం దీన్ని తలకిందులు చేశాం. ముందు సంఘానికంతా తెలుస్తుంది, తర్వాత ఒకళ్ళిద్దరు గుంపుగా వెళ్తారు, ఆ మనిషికి చిట్టచివర తెలుస్తుంది, అది కూడా ఎవరో "నీ గురించి ఇలా అనుకుంటున్నారు" అని చెప్తే.

ఇందులో మనకి అలవాటైన దొంగదారి ఒకటుంది, అది ప్రేయర్ రిక్వెస్ట్. "ఫలానా సిస్టర్ గురించి ప్రార్థన చేయండి అక్కా, వివరాలు చెప్పకూడదు గానీ..." అని మొదలుపెట్టి అన్నీ చెప్పేస్తారు. నేనూ చేశా, అబద్ధం చెప్పను. అందుకే ఇప్పుడు ఎవరైనా నా దగ్గరికి వచ్చి ఇంకొకరి తప్పు చెప్తుంటే నేను అడిగేది ఒకటే, ఈ మాట ఆవిడతో అన్నావా, నాకంటే ముందు ఎవరెవరికి చెప్పావు అని. పది మందిలో తొమ్మిది మంది అక్కడ ఆగిపోతారు. పదో మనిషి నిజంగా బాధపడుతూ వచ్చి ఉంటుంది, ఆవిడతో కూర్చుని ఎలా చెప్పాలో మాట్లాడుకుంటాం. సలహా అడగడం తప్పు కాదు, ఒక్కరిని అడగండి, నోరు కుదురుగా ఉండే మనిషిని చూసుకుని అడగండి, పేరు చెప్పకుండా అడగగలిగితే ఇంకా మంచిది.

వాట్సాప్ లో మెసేజ్ పెట్టొచ్చా?

గ్రూప్ లో అయితే అస్సలు వద్దు. పేరు రాయకుండా అందరికీ తెలిసేలా వాక్యం పెట్టడం ఇంకా ఘోరం, "కొందరు ఉంటారు..." అని స్టేటస్ లు పెడతారే, అది గద్దింపు కాదు, గిల్లడం. పర్సనల్ గా పెట్టొచ్చా అంటే "రేపు ఒకసారి కలుద్దామా" అని పెట్టండి, విషయం మాత్రం ఎదురుగా కూర్చుని చెప్పండి. మెసేజ్ కి గొంతు ఉండదు, మీరు మెల్లగా రాసింది వాళ్ళు అరిచినట్టు చదువుకుంటారు. దుబాయ్ లోనో డల్లాస్ లోనో ఉంటే ఫోన్ చేయండి. స్క్రీన్ షాట్ ఎక్కడికి పోతుందో కూడా ఆలోచించండి.

సామెతలు 27:5 లో "లోలోపల ప్రేమించుటకంటె బహిరంగముగా గద్దించుట మేలు" అని ఉంది. అంటే అందరి ముందు చెప్పమనే కదా?

ఈ వాక్యం ఎంతమందిని ఏడిపించిందో నాకు తెలుసు. మైకు పట్టుకుని పేరు పెట్టి తిట్టి, తర్వాత ఈ వచనం చదివినవాళ్ళని చూశా. తెలుగులో "బహిరంగముగా" అనేసరికి మనకి బహిరంగ సభ గుర్తొస్తుంది, అక్కడొచ్చింది చిక్కు. ఆ వచనంలో పోలిక దేనికీ దేనికీ? లోలోపల దాచుకున్న ప్రేమకీ, దాచకుండా మొహం మీద చెప్పే మాటకీ. పైకి చూపించని ప్రేమకంటే దాపరికం లేని మందలింపు మేలు అని. జనం ఎంతమంది ఉండాలి అన్న ఊసే లేదు అక్కడ. తర్వాత వచనం చూస్తే, మేలు కోరి స్నేహితుడు గాయం చేస్తాడు, పగవాడు లెక్కలేని ముద్దులు పెడతాడు అని ఉంది, అంటే మాట్లాడుతున్నది స్నేహితుడి గురించి. మీరు ఆ మనిషికి స్నేహితులు కాకపోతే ఆ వచనం మీకు లైసెన్స్ ఇవ్వదు.

కానీ పౌలు పేతురుని అందరి ముందే నిలదీశాడు కదా?

నిలదీశాడు, గలతీ పత్రిక 2వ అధ్యాయంలో. అంతియొకయలో పేతురు అన్యజనుల (అంటే యూదులు కాని) విశ్వాసులతో కలిసి భోజనం చేస్తూ ఉండి, యెరూషలేము సంఘ పెద్ద యాకోబు దగ్గర నుంచి కొందరు వచ్చేసరికి భయపడి పంక్తి మార్చేశాడు. చూసి మిగతా యూదులు కూడా లేచిపోయారు, ఆఖరికి బర్నబా కూడా. అది అందరి ముందు జరిగిన తప్పు, అందరినీ లాగేసుకుంటున్న తప్పు, పంక్తిలోంచి లేచిపోవడం అంటే అక్కడ కూర్చున్నవాళ్ళకి మీరు తక్కువోళ్ళు అని చెప్పడమే, అది మన ఊళ్ళల్లో పుట్టినవాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. అందుకే పౌలు అక్కడే మాట్లాడాడు. ఒంటరిగా చెప్పి ఉంటే అవమానపడ్డవాళ్ళకి న్యాయం జరిగేది కాదు.

కాబట్టి కొలత ఇలా పెట్టుకోవచ్చు, తప్పు ఎంతమందికి తెలుసో దిద్దుబాటు కూడా అంతమంది మధ్యే. గదిలో జరిగింది గదిలో, పంక్తిలో జరిగింది పంక్తిలో. ఇంకో విషయం, అదే పేతురు తన రెండో పత్రిక చివర్లో "మన ప్రియ సహోదరుడైన పౌలు" అని రాశాడు. మనలో ఎంతమందిమి రాస్తాం అలా?

అసలు మాట ఎలా మొదలుపెట్టాలి? నాకు గొంతు వణుకుతుంది.

వణకడం మంచిదే, వణక్కుండా గబగబా చెప్పగలిగేవాళ్ళని చూస్తేనే నాకు భయం.

నాకు బాగా నచ్చే ఉదాహరణ నిర్గమకాండం 18లో యిత్రో. మోషేకి మామగారు. అల్లుడికి మామగారు సలహా చెప్పడం అంటే మన ఇళ్ళల్లో ఎంత ప్రమాదమో తెలుసు కదా! ఆయన ఎలా చేశాడో వరసగా చూడండి. వచ్చిన రోజు ఏమీ అనలేదు. క్షేమసమాచారాలు అడిగాడు, గుడారంలో కూర్చుని జరిగిందంతా విన్నాడు, దేవుడు చేసిన మేలుకి సంతోషించాడు, కలిసి భోంచేశారు. మర్నాడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా చూశాడు, మోషే ఒక్కడే కూర్చుని జనం గొడవలన్నీ తీరుస్తుంటే. అప్పుడు కూడా మొదట ప్రశ్నే అడిగాడు, ఏంటిది, ఎందుకు నువ్వొక్కడివే కూర్చుంటున్నావు అని. మోషే చెప్పేది విన్నాడు. అప్పుడు "ఇది మంచిది కాదు, నువ్వూ నలిగిపోతావు, ఈ జనమూ నలిగిపోతారు" అన్నాడు. అని వదిలెయ్యలేదు, వెయ్యిమందికి ఒకడు, వందమందికి ఒకడు, యాభైమందికి, పదిమందికి ఒకడు అని ఎలా పంచాలో దారి చూపించాడు. తర్వాత తన దేశానికి తను వెళ్ళిపోయాడు, అక్కడే కూర్చుని పాటిస్తున్నాడా లేదా అని కాపలా కాయలేదు!

మనం ఏం చేస్తాం, చూసిన రోజే అనేస్తాం, అడగకుండా అనేస్తాం, దారి చూపించకుండా అనేస్తాం.

నేను చేసిన పని చెప్తా. ఒకప్పుడు మా క్వయిర్ లో ఒక అమ్మాయి నాలుగు వారాలు వరసగా లేటుగా వచ్చింది. అందరి ముందు "దేవుని పని అంటే మీకు అంత తేలికైపోయింది" అనేశా. ఆ పిల్ల ఏం మాట్లాడలేదు, తలొంచుకుని పాడింది. తర్వాత తెలిసింది, వాళ్ళ నాన్నకి డయాలసిస్, ఆ పిల్లే రాత్రి ఆస్పత్రిలో పడుకుని పొద్దున్నే బస్సెక్కి నేరుగా మందిరానికి వచ్చేదని. "ఏమ్మా, ఈమధ్య లేటవుతోంది, ఇంట్లో అంతా బాగానే ఉందా" అని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే అయిపోయేది. వాళ్ళింటికి వెళ్ళి క్షమాపణ అడిగాను, తర్వాత ఆదివారం క్వయిర్ ముందు కూడా అడిగాను, అందరి ముందు అన్నాను కదా మరి. ఇప్పటికీ ఆ రోజు గుర్తొస్తే మొహం వేడెక్కుద్ది.

మాటల విషయానికొస్తే, "నువ్వెప్పుడూ ఇంతే" అనే మాట వద్దు. "మొన్న ఆదివారం ఇలా జరిగింది, నాకు ఇలా అనిపించింది, నేను తప్పుగా అర్థం చేసుకున్నానా?" ఇలా అయితే ఎదుటి మనిషికి నిలబడే చోటు ఉంటుంది. ప్రవక్త నాతాను కూడా, ఇంకొకడి భార్యని తీసుకున్న దావీదు రాజు దగ్గరికి వెళ్ళి మొదటే నేరం చదవలేదు, పేదవాడి గొర్రెపిల్ల కథ చెప్పాడు, దావీదు తనంతట తనే తీర్పు చెప్పాకే "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. రాజుకి చెప్పేటప్పుడు అంత తెలివి కావాలి లెండి.

టైమ్ కూడా చూసుకోండి. అబీగయీలు మొగుడు నాబాలు తాగి మత్తులో ఉంటే తెల్లారేదాకా ఏమీ చెప్పలేదు. ఆకలి మీద, అలసట మీద, బంధువులు ఇంట్లో ఉన్నప్పుడు, ప్రభు బల్లకి (రొట్టె, ద్రాక్షరసం తీసుకునేదానికి) ముందు పది నిమిషాలప్పుడు చెప్పకండి.

"గద్దించు" అనే మాట వింటేనే భయంగా ఉంటుంది. ప్రేమతో గద్దించడం అంటే ఏంటి?

మన పాత తెలుగు బైబిల్లో గద్దించుట, బుద్ధి చెప్పుట, హెచ్చరించుట, ఇలా చాలా మాటలున్నాయి, అన్నీ మనకి తిట్లలాగే వినపడతాయి. కానీ గలతీ 6:1 లో తప్పులో చిక్కుకున్నవాడిని సాత్వికమైన మనసుతో మంచి దారికి తీసుకురమ్మన్న చోట గ్రీకులో ఉన్న మాటే మార్కు 1:19 లో యాకోబు, యోహాను దోనెలో కూర్చుని వలలు బాగుచేసుకుంటున్న చోట కూడా ఉంది. కోస్తాలో ఏ రేవుకైనా వెళ్ళి చూడండి, వల బాగుచేసేవాళ్ళు వలని కొట్టరు, తిట్టరు. ఒళ్ళో వేసుకుని, ఎక్కడ చిరిగిందో వేళ్ళతో తడిమి వెతికి, ఒక్కో కన్ను అల్లుతారు. చిరిగిందని పారేయరు, దానితోనే రేపు వేటకెళ్ళాలి. నేను ఎవరికైనా చెప్పబోయే ముందు ఈ బొమ్మ కళ్ళముందు తెచ్చుకుంటా, సగం కోపం దానికే దిగిపోద్ది.

వయసులో పెద్దవాళ్ళకి చెప్పొచ్చా? మర్యాద కాదేమో.

1 తిమోతి 5:1 చూడండి, "వృద్ధుని గద్దింపక తండ్రిగా భావించి" హెచ్చరించు అని. పెద్ద స్త్రీలని తల్లుల్లా, యౌవనస్తుల్ని అన్నదమ్ముల్లా, ఆడపిల్లల్ని పూర్ణ పవిత్రతతో అక్కచెల్లెళ్ళలా. మానేయమనలేదు, వావి వరస పెట్టి చెప్పమన్నాడు. మనకి ఇది కొత్తేం కాదు, మన నాన్నకి మనం ఎలా చెప్తాం? ఎదురుగా నిలబడి వేలు చూపించం కదా. పక్కన కూర్చుని, "నాన్నా, నిన్న ఆయనతో అలా అన్నారు, ఆయన బాధపడ్డట్టున్నారు" అంటాం, ఇంకా కుదరకపోతే అమ్మ చేత చెప్పిస్తాం. అదే పద్ధతి.

పాస్టర్ గారి తప్పు కనిపిస్తే? "అభిషిక్తుల్ని ముట్టకూడదు" అంటారు కదా.

ఈ ప్రశ్న అడిగేటప్పుడు అందరూ గొంతు తగ్గిస్తారు.

ఆ వాక్యం కీర్తన 105:15, "నేను అభిషేకించినవారిని ముట్టకూడదు". ఎవరి గురించి? అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు కొద్దిమందే ఉండి ఊరూరా తిరుగుతున్నప్పుడు రాజులు వాళ్ళకి హాని చేయకుండా దేవుడు కాపాడిన సంగతి అది. ఆ రాజుల్లో ఒకడు అబీమెలెకు, ఆదికాండం 20. శారా నా చెల్లెలు అని అబ్రాహాము అబద్ధమాడితే, అబీమెలెకు ముట్టలేదు నిజమే, కానీ అబ్రాహాముని పిలిచి ఎందుకిలా చేశావు, చేయరాని పని చేశావు అని మొహం మీదే అడిగాడు. దేవుడు ఆ రాజుని అందుకు తప్పు పట్టలేదు. దావీదు కూడా తనని తరుముతున్న రాజు సౌలు మీద చెయ్యి ఎత్తలేదు గానీ గుహలోంచి బయటికొచ్చి ఎందుకు నన్ను తరుముతున్నావు, దేవుడే మనిద్దరి మధ్య తీర్పు తీర్చాలి అని కేకేసి మరీ అడిగాడు. ముట్టకపోవడం వేరే, అడగకపోవడం వేరే.

అయితే దీనికీ ఒక కట్టుబాటు ఉంది. 1 తిమోతి 5:19 ప్రకారం సంఘ పెద్ద మీద నేరం మోపాలంటే ఇద్దరు ముగ్గురు సాక్షులుండాలి, ఎవరో అన్నారు అనే మాట పనికిరాదు. ఆ తర్వాత వచనంలో పాపం చేస్తున్నవాళ్ళని అందరి ముందు గద్దించమని కూడా ఉంది, అది ఎవరూ చదవరు. ప్రసంగంలో చిన్న పొరపాటు అయితే అకుల ప్రిస్కిల్లలు అపొల్లోకి చేసినట్టు చేయండి, సమాజమందిరంలో లేచి నిలబడలేదు వాళ్ళు, పక్కకి తీసుకెళ్ళి ఇంకా పూర్తిగా వివరించారు. అపొల్లో ఎంత పండితుడో, గుడారాలు కుట్టుకునే జంట మాట విన్నాడు. కానుకల లెక్కల విషయం అయితే ఒక్కరే వెళ్ళకండి, కమిటీ ద్వారా రాతపూర్వకంగా అడగండి, లెక్క అడగడం అవిశ్వాసం కాదు.

ఇంట్లో కొట్టడం, పిల్లల్ని పాడుచేయడం లాంటివి తెలిస్తే కూడా మొదట ఒంటరిగా వెళ్ళి మాట్లాడాలా?

కాదు. దయచేసి కాదు. మత్తయి 18 అన్నదమ్ముల మధ్య తప్పిదానికి, నేరాన్ని దాచిపెట్టడానికి కాదు. దెబ్బలు తిన్న భార్యని "నువ్వు ఒంటరిగా మీ ఆయనకి చెప్పమ్మా, ప్రార్థించు" అని వెనక్కి పంపితే అది క్రూరత్వం. పిల్లల మీద లైంగిక దాడి అయితే 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు పోలీసులకి చెప్పి తీరాలి, చెప్పకపోవడమే నేరం, చేసింది పాస్టర్ గారైనా సంఘ పెద్ద అయినా అంతే. పిల్లలకైతే 1098 కి, ఆడవాళ్ళకైతే 181 కి ఫోన్ చేయండి. "సంఘం పరువు పోద్ది" అనేవాళ్ళ మాట వినకండి.

తప్పు చేసినవాళ్ళకి సంఘం ప్రభు బల్ల ఇవ్వకుండా ఆపేయడం ప్రేమేనా?

అవ్వొచ్చు, కాకపోనూవచ్చు. కొరింథు సంఘంలో తండ్రి భార్యతో ఉన్న వాడిని వెలివేయమని పౌలు మొదటి పత్రిక 5వ అధ్యాయంలో రాశాడు. మనవాళ్ళు అక్కడిదాకా చదువుతారు. రెండో పత్రిక 2వ అధ్యాయంలో, శిక్షకి గురైన ఒకడి గురించి, చాలు ఇంక, క్షమించి ఆదరించండి, లేకపోతే ఎక్కువ దుఃఖంలో మునిగిపోతాడేమో, మీ ప్రేమ వాడికి స్థిరపరచండి అని బతిమాలాడు. ఇద్దరూ ఒకరేనా అని పండితులు వాదించుకుంటారు, అదలా ఉంచండి. బల్ల ఆపేటప్పుడే తిరిగి ఎప్పుడు ఎలా చేర్చుకుంటారో కూడా చెప్పారా? బల్ల ఆపినన్నాళ్ళూ ఆ ఇంటికి ఎవరైనా వెళ్ళి కూర్చున్నారా? వెళ్ళకపోతే అది దిద్దుబాటు కాదు, వెలి.

నాకు ఎవరైనా తప్పు చెప్తే రక్తం ఉడికిపోతుంది. ఏం చేయాలి?

ఉడకనివ్వండి, నోరు మాత్రం తెరవకండి. అందరికీ ఉడుకుద్ది. "ఆలోచిస్తానండి" అని ఒక్క మాట అని ఇంటికెళ్ళిపోండి. ఆ రాత్రి మీ బుర్రలో వకీలు లేస్తాడు, ఆవిడేం తక్కువా, వాళ్ళ కొడుకు సంగతి నాకు తెలీదా అని. మాట్లాడనివ్వండి. మర్నాడు పొద్దున ఒక్క ప్రశ్న వేసుకోండి, చెప్పిన మనిషిని పక్కన పెట్టు, చెప్పిన పద్ధతిని కూడా పక్కన పెట్టు, ఇందులో పదో వంతైనా నిజముందా? ఆ పదో వంతు మనది. మిగతా తొమ్మిది వంతులు వాళ్ళు దేవునితో తేల్చుకుంటారు.

కీర్తన 141:5 లో దావీదు, నీతిమంతులు నన్ను కొట్టినా అది నాకు ఉపకారమే, తలకి నూనె లాంటిది అంటాడు. తలకి నూనె అంటుకోవడం ఎంత సుఖమో మనకి తెలుసు, కానీ అంటేటప్పుడు నెత్తి మీద గట్టిగానే కొడతారు కదా.

చెప్పింది పూర్తిగా తప్పు అయితే? నేను చేయని పనికి అన్నారు.

హన్నా ఏం చేసింది? ఏలీ తాగావు అన్నాడు. ఆమె ఏడ్చి పారిపోలేదు, నువ్వు నీ కొడుకుల్ని చూసుకో అని కూడా అనలేదు (నేనైతే అనేదాన్ని). లేదయ్యా, నేను తాగలేదు, మనోదుఃఖంతో ఉన్నాను, నా ఆత్మని దేవుని ముందు కుమ్మరించుకుంటున్నాను అని ఉన్నదున్నట్టు చెప్పింది. ఏలీ కూడా వెంటనే మాట మార్చుకుని క్షేమంగా వెళ్ళు అని దీవించాడు. కాబట్టి ఊరికే భరించాలని ఏమీ లేదు, మర్యాదగా నిజం చెప్పండి. ఒకసారి చెప్పండి చాలు, పది మందికి తిరిగి చెప్పుకోనక్కర్లేదు.

భార్యాభర్తల మధ్య?

పిల్లల ముందు వద్దు, అత్తగారి ముందు అసలే వద్దు, వాక్యం అడ్డు పెట్టుకుని వద్దు. "లోబడియుండుడి" అనే మాట గొడవలో వాడే భర్తలకి, అదే ఎఫెసీ 5వ అధ్యాయంలో క్రీస్తు సంఘాన్ని ప్రేమించినట్టు ప్రేమించమని తమకి రాసిందాన్ని ముందు నేర్చుకొమ్మని చెప్తా.

పిల్లలకి ఎలా?

కొలస్సీ 3:21, పిల్లల మనసు కుంగిపోకుండా వాళ్ళకి కోపం పుట్టించొద్దు అని తండ్రులకి రాశాడు. బెత్తం వాక్యాలు అందరికీ గుర్తుంటాయి, ఇది గుర్తుండదు. నేను సండే స్కూల్లో నేర్చుకుంది ఏంటంటే, పిల్లల్ని పక్క పిల్లలతో పోల్చి చెప్పిన ఏ మాటా పని చేయలేదు, ఒక్కటి కూడా.

చెప్పాను, ఆవిడ మాట్లాడటం మానేసింది. నేను తప్పు చేశానా?

పద్ధతిలో తప్పుంటే దానికి క్షమాపణ అడగండి, విషయానికి అక్కర్లేదు. తర్వాత వదిలేయండి, వెంటపడకండి. పండక్కి కేక్ పంపండి, వాళ్ళింట్లో జ్వరం అంటే వెళ్ళండి, ఆ విషయం మాత్రం మళ్ళీ ఎత్తకండి. కొందరికి ఏడాది పడుతుంది. 2 థెస్సలొనీక 3:15 లో, మాట విననివాడిని కూడా శత్రువుగా చూడకండి, సహోదరుడిగా బుద్ధి చెప్పండి అని ఉంది.

నా తప్పులు నాకు చెప్పేవాళ్ళే లేరు. ఎలా?

అడగాలి, మనంతట మనం. ఇంగ్లాండ్ లో మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ 1738 డిసెంబర్ 25న చిన్న చిన్న గుంపుల కోసం నియమాలు రాసినప్పుడు, చేరేవాళ్ళని అడిగే ప్రశ్నల్లో ఒకటి, నీ తప్పులు నీకు చెప్పాలని నువ్వు కోరుకుంటున్నావా అని. చెప్పించుకోవడానికి ఒప్పుకున్నవాళ్ళే లోపలికి. మగవాళ్ళు వేరే, ఆడవాళ్ళు వేరే కూర్చునేవాళ్ళు. మెదక్ వైపు సంఘాలు ఆ వెస్లియన్ మిషన్ నుంచి వచ్చినవే, వాళ్ళ పెద్ద మందిరం ప్రతిష్ఠ అయింది కూడా డిసెంబర్ 25నే, 1924లో. మందిరం చూడటానికి బస్సులు కట్టుకుని వెళ్తాం గానీ ఆ ప్రశ్న మాత్రం ఎవరం తెచ్చుకోం.

గుంపు అక్కర్లేదు, ఇద్దరుంటే చాలు. నాకు ఒక స్నేహితురాలు ఉంది, నెలకోసారి ఇద్దరం మిర్చి బజ్జీలు పెట్టుకుని కూర్చుంటాం, ఈ నెల నేను ఎవరినైనా నొప్పించానా అని అడుగుతా. మొదటి రెండు మూడు నెలలు "అబ్బే ఏం లేదే" అనేది. నాలుగో నెల ఒక కాగితం తెచ్చింది, మడత పెట్టి, రెండు వైపులా రాసి.